టీ తెమ్మని పంపొద్దు

తెనాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో అన్న మాటలు ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. ఫోన్‌లో జవాబు చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. షిఫ్టు అయ్యాక, ఎవరూ లేనప్పుడు చదువుకో.

కంప్యూటర్‌తో నడిచే కొత్త వీఎంసీ మిషన్ కొన్నావు. ఇద్దరు ఐటీఐ కుర్రాళ్లను మిషన్ అమ్మినవాళ్ల దగ్గరికి శిక్షణకు పంపావు. తిరిగొచ్చాక ఆర్నెల్లు సెట్టర్ పక్కన నిలబెట్టావు. విరిగిన టూళ్లు, పాడైన జాబులు, ఖాళీగా పోయిన మిషన్ గంటలు, అన్నీ కలిపితే నాలుగు లక్షలు తేలాయి. తీరా పని వచ్చాక ఒకడు మూడు వేలు ఎక్కువిస్తామన్నారని ఎదురు వీధి షెడ్డుకు వెళ్లిపోయాడు. "ఇక ఎవరికీ నేర్పను మామయ్యా, పని వచ్చినవాళ్లనే తెచ్చుకుంటాను" అన్నావు. రెండోవాడు పోకుండా వాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టావని కూడా చెప్పావు.

అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను, గుర్తుందా? మిషన్ మీద సొంతంగా చెయ్యి తిరిగాక ఆ కుర్రాడి జీతం ఎంత చేశావని. నువ్వు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏప్రిల్‌లో అందరికీ కలిపి చూద్దామనుకున్నాను" అన్నావు. జీడిమెట్లలో ఆ పని వచ్చినవాడికి ఎంతిస్తున్నారో నీకు తెలుసు. కొత్త సెట్టర్ కోసం ఆ కుర్రాడి జీతానికి రెట్టింపు ఇవ్వడానికి సిద్ధపడుతున్నావు కూడా. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? వాడు పోయింది నువ్వు నేర్పినందుకు కాదమ్మా. పని సెట్టర్‌ది వచ్చాక కూడా జీతం హెల్పర్‌ది ఉంచినందుకు.

నిన్ను నిష్ఠూరమాడటానికి రాయడం లేదు. ఇంతకంటే పెద్ద తప్పు నేనూ మీ నాన్నా కలిసి చేశాం. ఇన్నేళ్లలో నీకెప్పుడూ చెప్పలేదు.

1974లో నేను సనత్‌నగర్‌లో ఒక లేత్ షెడ్డులో హెల్పర్‌గా చేరాను. అక్కడి మేస్త్రీగారు గొప్ప పనిమంతుడు. బోరింగ్ చేస్తుంటే చప్పుడు విని టూల్ అంచు అరిగిందో లేదో చెప్పేవారు. పని నేర్పమంటే ఏనాడూ కాదనలేదు. కానీ కొత్త జాబు బిగించి సెట్టింగ్ మొదలుపెట్టే వేళకు సరిగ్గా ఆయనకు టీ గుర్తొచ్చేది. "ఒరే, పోయి టీ పట్రా." నేను ఫ్లాస్కు పట్టుకుని వెళ్లి వచ్చేసరికి సెట్టింగ్ అయిపోయి జాబు తిరుగుతుండేది. పాపం ఆయనకు టీ మీద అంత మక్కువ అనుకున్నాను రెండేళ్లు. మూడో ఏడు తెలిసింది, అందులో సగం ఆయన వెనకవైపు పారబోస్తున్నారని.

అప్పుడు చాలా తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఐదుగురు పిల్లలు, అద్దె ఇల్లు. చేతిలో ఉన్న ఆ సెట్టింగే ఆయన పొలం, ఆయన పుట్ర. అది నాకు వచ్చేస్తే యజమాని సగం జీతానికి నన్ను నిలబెట్టి ఆయన్ని ఇంటికి పంపొచ్చు. పక్క షెడ్లలో అలా జరగడం ఆయన కళ్లారా చూశారు.

1983లో బావా నేనూ బాలానగర్‌లో షెడ్డు పెట్టినప్పుడు ఆయన్నే బతిమాలి తెచ్చుకున్నాం. టీ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఆయనుంటే జాబులు సరిగ్గా వస్తున్నాయి, ఆర్డర్లు అందుతున్నాయి, ఇక కెలకడమెందుకని. నా కింద నలుగురు హెల్పర్లు ఎనిమిదేళ్లు టీలు మోశారు. 1991 వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. అప్పుడు హైడ్రాలిక్ వాల్వు బాడీల ఆర్డరు ఒకటి సగంలో ఉంది. రెండువందల జాబుల్లో బోరు కుదిరినవి అరవై కూడా లేవు. ఆస్పత్రికి వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని అడిగాను. మాట తిరగలేదు ఆయనకు. కుడిచెయ్యి లేవదు. ఎడమచేతి వేళ్లతో దుప్పటి మీద ఏదో చూపించబోయారు. నాకు అర్థం కాలేదు. ఆ ఆర్డరిచ్చిన కంపెనీ మళ్లీ మన గడప తొక్కలేదు.

ఆ రోజుల్లో నేను స్కూటరు మీద రోజూ ఏ గేటు ముందు నుంచి వెళ్లేవాణ్నో తెలుసా? సీఐటీడీ. ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో బాలానగర్‌లోనే పెట్టిన టూల్ డిజైన్ సంస్థ. దేశం నలుమూలల నుంచీ పిల్లలు వచ్చి డై, మౌల్డు పని నేర్చుకునే చోటు. మన షెడ్డు నుంచి నడిచి వెళ్లొచ్చు. అన్నేళ్లలో ఒక్క కుర్రాడినీ లోపలికి పంపలేదు. "వీణ్ని పంపితే మిషన్ దగ్గర ఎవరు నిలబడతారు?" అనేవాడు బావ. నేనూ తలూపేవాణ్ని.

అందుకే ముందు నీ సెట్టర్‌ని చూడు. అతను కుర్రాళ్లను టీకి పంపుతున్నాడేమో, అంటే ఆఫ్‌సెట్లు కొట్టేటప్పుడు స్క్రీన్‌కి అడ్డంగా నిలబడుతున్నాడేమో గమనించు. పంపుతుంటే కోప్పడకు. కూర్చోబెట్టి మాటివ్వు, అది కాగితం మీద ఉండాలి. నేర్పినందుకు నీ ఉద్యోగానికి, జీతానికి ఢోకా లేదు, నీ చేతికింద ఒక కుర్రాడు సొంతంగా సెట్టింగ్ చేసిన నెలలో నీకు ఇంత అదనం అని. ఆ 'ఇంత' ఎంతో నువ్వే లెక్క వేసుకో. పిసినారితనం మాత్రం వద్దు.

నీ తమ్ముడు పోయిన సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినప్పుడు ఒక పుస్తకం వదిలి వెళ్లాడు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో రాసింది, 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్'. ఇంగ్లీషు నాకు నత్తనడక అయినా, నేర్పడం గురించి రాసిన అధ్యాయం రెండుసార్లు చదివాను. నేర్పడం యజమాని తనే చేయాల్సిన పని, ఇంకొకరి నెత్తిన రుద్దేది కాదంటాడు. అంత పెద్ద కంపెనీ నడుపుతూ తను స్వయంగా క్లాసులు చెప్పాడు. అతని లెక్క వినడానికి బాగుంటుంది. గంట చొప్పున నాలుగు పాఠాలు, ఒక్కోదానికి మూడు గంటల తయారీ అనుకుంటే మొత్తం తయారీకి నీకు పన్నెండు గంటలు ఖర్చు. విన్నవాళ్లు పది మంది. వాళ్లంతా కలిసి ఏడాదికి ఇరవై వేల గంటలు పనిచేస్తారు. నీ పాఠం వల్ల వాళ్ల పని నూటికి ఒక్క పాలు మెరుగైనా రెండు వందల గంటలు నీకు తిరిగొస్తాయి. పన్నెండు పెట్టి రెండు వందలు! చిట్టీల వ్యాపారంలో కూడా ఇంత రాదు.

"నాకే మిషన్ పని రాదు, నేనేం నేర్పను?" అంటావని తెలుసు. కంప్యూటర్ చదువు చదివి, బావ పోయాక ఉన్నట్టుండి షెడ్డు నెత్తినేసుకున్నదానివి. కాబట్టి ముందు నువ్వు నేర్చుకో, అదీ అందరి ఎదుట. రోజూ పొద్దున అరగంట ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర మైక్రోమీటర్ పట్టుకుని కూర్చో. మొదటి వారం నీ కొలతా, అక్కడివాళ్ల కొలతా కలవవు. చేతివేడికే మైక్రాన్లు మారిపోతాయని అప్పుడు తెలుస్తుంది. మేడం తప్పు చేసి దిద్దుకుంటోందని చూస్తే, తప్పయిందని చెప్పడానికి కుర్రాళ్లకు ధైర్యం వస్తుంది. ఇప్పుడేం చేస్తున్నారో తెలుసుగా, పాడైన జాబుని తుక్కు డబ్బాలో అడుగున దాస్తున్నారు. నేనూ దాచినవాణ్నే.

ఇక నీకు మాత్రమే తెలిసి, వాళ్లకెవరూ చెప్పనివి ఉన్నాయి. ఒక జాబుకి కాస్టింగ్ ఎంత, ఇన్సర్టు ఎంత, కరెంటు ఎంత, చివరికి మనకు మిగిలేదెంత. ఒక్కటి రిజెక్టయితే ఎన్ని మంచి జాబుల లాభం దానితో కొట్టుకుపోతుంది. ఆ భాగం కస్టమర్ దగ్గర ఎక్కడ బిగిస్తారు, ఈ బోరుకే ఎందుకంత పట్టింపు. ఇరవై ఏళ్లు పనిచేసిన ఆపరేటర్లకు కూడా ఇవి తెలియవు, ఎందుకంటే చెబితే జీతాలు పెంచమంటారని మన భయం. చెప్పు. అడిగితే అడగనీ.

నేర్పే తీరు గురించి ఒక్క మాట. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో అనుభవమున్నవాళ్లు సైన్యానికి వెళ్లిపోతే, ఎన్నడూ ఫ్యాక్టరీ మొహం చూడని ఆడవాళ్లు, కొత్తవాళ్లు మిషన్ల ముందుకొచ్చారు. వాళ్లకు త్వరగా నేర్పడానికి అక్కడి ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. యుద్ధం అయ్యాక అది జపాన్ వెళ్లింది, టొయోటావాళ్లు పట్టుకుని ఇప్పటికీ వదల్లేదు. అందులో ఉన్నది ఇంతే. ముందు కుర్రాడి బెదురు పోగొట్టి, వాడికి ఎంత తెలుసో కనుక్కోవాలి. పనిని ముక్కలు చేసి చూపిస్తూ ఎక్కడ జాగ్రత్తపడాలో, ఎందుకో చెప్పాలి. తర్వాత వాడి చేత చేయిస్తూ, ఏం చేస్తున్నాడో వాడి నోటితోనే చెప్పించాలి. అప్పుడు వదిలి, మధ్యమధ్యలో వెళ్లి చూడాలి. మన షెడ్లలో చూపించడం ఒక్కటే ఉంటుంది. "చూశావుగా, ఇక చెయ్యి" అంటాం, పాడైతే తిడతాం. నీ దగ్గర బీహార్, ఒడిశా కుర్రాళ్లు కూడా ఉన్నారు కాబట్టి వాళ్ల నోటితో చెప్పించడం మరీ ముఖ్యం. తెలుగులో చెప్పిందానికి తలూపినంత మాత్రాన ఎక్కినట్టు కాదు.

వీటన్నిటికీ మిషన్ గంటలు కావాలి, అక్కడే యజమాని మనసు బయటపడుతుంది. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఒక మిషన్ ఖాళీ ఇవ్వు. మిషన్ గంట అయిదు వందలనుకుంటే నెలకు నాలుగు వేలు. పోయిన నెల ఒక్క లాటు రీవర్క్‌కే నలభై వేలు పోయాయని నువ్వే చెప్పావు. తుక్కులోంచి తీసిన ముక్కల మీద వాళ్లు పాడు చేసుకోనీ. ఆ రెండు గంటలు జీతంలోవే కావాలి. షిఫ్టు అయ్యాక ఉండమనడం, ఆదివారం రమ్మనడం చదువు కాదు, శిక్ష. ఇంట్లో పెళ్లాం బిడ్డలు ఎదురుచూస్తుంటే బుర్రకేం ఎక్కుతుంది? ఆర్డరు ఒత్తిడి ఉన్న వారం కూడా ఆ రెండు గంటలు తీసెయ్యకు. ఒక్కసారి తీశావా, ఇదంతా మేడం సరదా అని తేల్చేసుకుంటారు.

అప్రెంటిస్‌ల మాటా చెప్పాలి. నీ దగ్గర ముప్పై నాలుగు మంది అయ్యారన్నావు. ముప్పై మంది అయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నూటికి రెండున్నర నుంచి పదిహేను వంతుల దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంటే నీకు ఒకరి నుంచి అయిదుగురి వరకు. స్టైపెండ్‌లో నాలుగో వంతు ఒక పరిమితి వరకు కేంద్రం భరిస్తుంది, మీ ఆడిటర్‌ని అడుగు. చవగ్గా వచ్చారు కదా అని ఏడాది పొడుగునా ఒకే బటన్ నొక్కించేవాళ్లు నాకు బోలెడంత మంది తెలుసు. ఆ పని చేస్తే మాత్రం నాకు చెప్పకు.

అన్నీ చేసినా కొందరు వెళ్తారు. నేను వెళ్లలేదా? సనత్‌నగర్ షెడ్డు యజమాని నన్ను వెళ్లేరోజు తిట్టలేదు. భుజం తట్టి, మిగిలిన వారం జీతం చేతిలో పెట్టాడు. మేం బాలానగర్‌లో షెడ్డు పెట్టాక పదేళ్లపాటు మా గ్రైండింగ్ పనంతా ఆయనకే ఇచ్చాం. ఎదురు వీధిలో నీ కుర్రాడు ఎదురైతే మొహం తిప్పుకోకు. అక్కడ పనెలా ఉందని అడుగు.

ఇక బాండు సంగతి. బాండు రాయించుకోవచ్చని మీ వకీలు అన్నాడు. నిజమే. విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అది ప్రభుత్వ బ్యాంకు, మానేసినవాడు ఆఫీసరు. నీది ముప్పై నాలుగు మంది షెడ్డు. కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నీకూ లేదు, ఆ కుర్రాడికీ లేదు. బాండు మాట అటుంచు, ఒరిజినల్స్ దాచుకోవడం నాకు అసలు మింగుడుపడలేదు. బావ అప్పుల్లో మునిగిన రోజుల్లో కూడా ఎవరి కాగితమూ బీరువాలో పెట్టుకోలేదు. ఆ రెండో కుర్రాడు ఇప్పుడు ఉన్నది నీ దగ్గర నేర్చుకోవడానికి కాదు, కాగితాల కోసం. అలాంటివాడు నీ మిషన్ చప్పుడు ఏం వింటాడు?

రేపు పొద్దున షిఫ్టు మొదలయ్యేలోపు ఆ సర్టిఫికెట్లు వాడి చేతిలో పెట్టు. వాడి కొత్త జీతం ఎంతో కూడా అప్పుడే చెప్పు. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నీ మామయ్య