షెడ్డు పోయినా నేలలో ఆయిలు పోదు



బండ్లు బాగుచేసే షెడ్డు చాలా ఏళ్లు నడిచి మూతపడితే, అక్కడి నేల, కింది నీళ్లు చెడ్డాయో లేదో ఎట్లా తెలుసుకోవాలి? ఇదే ఈ నెల నా పాఠం. మన సంత పక్కన పాత లారీ షెడ్డు ఉండేది. రేకులు ఊడదీసుకొని పోయారు. నేల మాత్రం ఇంకా నల్లగానే ఉంది. మన హాస్టలు బోరు దానికి పల్లంలో ఉంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

షెడ్డులో నేలమీద పడేవి

వాడేసిన ఇంజనాయిలు, డీజిలు, పెట్రోలు, బ్యాటరీ ఆసిడు. వాడేసిన ఆయిల్లో ఇంజను అరిగిన లోహపు పొడి ఉంటది. బ్యాటరీలో సీసం ఉంటది. పెట్రోల్లో బెంజీను ఉంటది. కొన్ని దేశాల్లో గ్రీజు వదిలించడానికి ట్రైక్లోరోఇథిలీను అనే ద్రావకం ఎక్కువగా వాడారు. బెంజీను, ట్రైక్లోరోఇథిలీను రెండూ క్యాన్సరు తెచ్చేవి. సీసం పిల్లల మెదడుకు చెరుపు.

కిందికి ఎట్లా దిగుతాయి?

సైన్సు మేడమ్ రెండు సీసాల అడుగు కోసి, తలకిందులుగా పెట్టి, ఒకదాంట్లో ఇసుక, ఇంకోదాంట్లో బంకమట్టి పోయించారు. సిరా నీళ్లు పోశాం. ఇసుకలోంచి వెంటనే నీలి నీళ్లు కారాయి. బంకమట్టిలో చాలాసేపు పైనే నిలిచాయి. అంటే నేలను బట్టి వేగం మారుతుంది.

మన ఊళ్లలో వాగు ఇసుకలో చెలమ తీసి నీళ్లు తాగుతాం. ఇసుక బురదను ఆపుతుంది గానీ నీటిలో కరిగిన దాన్ని ఆపదు. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు. ఇంకో సంగతి. పెట్రోలు నీటికన్నా తేలిక, భూమిలోపల కూడా నీటిమీద తేలుతుంది. ట్రైక్లోరోఇథిలీను బరువు, నీటి అడుక్కి దిగిపోతుంది. అందుకని ఒక్క లోతులో చూసి బాగుంది అనకూడదు.

పరీక్ష చేసే పద్ధతి

1. ముందు అడగాలి. ఆయిలు ఎక్కడ పారబోసేవారు, బ్యాటరీలు ఎక్కడ విప్పేవారు, భూమిలో డీజిలు ట్యాంకు ఉండేదా అని పాతవాళ్లను అడిగి పటం గీయాలి.

2. ఆ చోట్ల గుంత తోలి, పైమట్టి, నడిమి మట్టి, లోపలి మట్టి వేరువేరుగా తీయాలి. షెడ్డుకు ఎగువన మంచి నేల మట్టి కూడా తీయాలి. పోల్చడానికి అది కావాలి.

3. కనీసం మూడు బావుల్లో నీటిమట్టం కొలవాలి. మేస్త్రీలు నీళ్ల గొట్టంతో లెవలు చూసినట్టు మూడింటికీ ఒకే లెవలు నుంచి కొలవాలి. ఎక్కువ మట్టం వైపు నుంచి తక్కువ మట్టం వైపుకు నీళ్లు పోతాయి. ఆ దారిలో ఎవరి బోరు ఉందో చూడాలి.

4. నీళ్లను గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నింపి, ఐసులో పెట్టి ల్యాబుకు పంపాలి. లేకపోతే బెంజీను వంటివి ఆవిరైపోతాయి.

జరిగిన సంగతి

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరం ఉంది. అందులో హాడ్నాట్ పాయింట్ అనే చోట మరమ్మతు షాపులు, ఇంధనం ట్యాంకులు ఉండేవి. ట్యాంకులు కారాయి, ద్రావకాలు నేలలో ఇంకాయి. ఆ నేలలోని బావుల నీళ్లే జనం తాగారు. 1982లో కుళాయి నీటిలో ట్రైక్లోరోఇథిలీను లీటరుకు 1400 మైక్రోగ్రాములు వచ్చింది. తర్వాత అమెరికా పెట్టిన హద్దు 5 మాత్రమే. అంటే 280 రెట్లు! అయినా చెడ్డ బావుల్ని మూసింది 1984 చివర, 1985 మొదట్లో. ఆ స్థావరంలో 1953 నుంచి 1987 దాకా చెడ్డ నీళ్లు తాగినవాళ్లు 10 లక్షల వరకు ఉండొచ్చని అంచనా. వాళ్లు కోర్టుకు పోవడానికి చట్టం 2022లో వచ్చింది.

నేను లెక్క వేశాను. 20 చుక్కలు 1 మిల్లీలీటరు అనుకుంటే, ఆ ద్రావకం ఒక్క చుక్క 14 వేల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాటిస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులు 14 అన్నమాట.

కాచితే పోదా?

కాచితే క్రిములు చస్తాయి. సీసం పోదు. నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడతది. బెంజీను ఆవిరై వంటగదిలో మన ముక్కులోకే వస్తది.

నా మనవి

మేడమ్ గారూ, మన బోరు నీళ్లు ఒకసారి ల్యాబుకు పంపించండి. కిట్టుతో చేసే పరీక్షలో ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము లాంటివి తెలుస్తాయి గానీ బెంజీను తెలియదు. కాబట్టి సీసం, ఆయిలు, బెంజీను చూడమని చీటీలో రాసి అడగాలి. మన దేశంలో తాగే నీటిలో సీసం హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ఫలితం వచ్చేదాకా తాగడానికి ఎగువ బావి నీళ్లు తెచ్చుకుందాం. బిందెలు మోయడానికి మేము సిద్ధం.

మన జనరేటరు ఆయిలు మార్చినప్పుడు గోడ వెనక పోయకుండా డబ్బాలో పట్టి, అనుమతి ఉన్నవాళ్లకే ఇద్దాం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిలు కూడా ఉంది.

చెల్లెళ్లూ, షెడ్డు కాడ నల్లమట్టిలో ఆడకండి. ఆడితే చేతులు సబ్బుతో కడుక్కోండి.

— 9వ తరగతి విద్యార్థిని