నెలలు నిండని బిడ్డ, పక్కన తల్లి: మన సాయం ఎక్కడ కావాలి?

"ఆసుపత్రికి ఏదైనా యంత్రం కొనిద్దామా?" అని ఏటా మీలో కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మంచి ఆలోచనే. కాని ఈసారి యంత్రం మాట కాస్త పక్కన పెడదాం.

దుమ్ముగూడెం మండలంలోని కోయ గూడేల నుంచి పర్ణశాల దాకా రావడమే ఒక ప్రయాణం. అక్కడి నుంచి భద్రాచలం మరో ముప్పై కిలోమీటర్ల పైమాటే. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు ఈ దారులు ఏమయ్యాయో మీకు తెలుసు. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒంట్లో కొవ్వు తక్కువ, వేడి నిలవదు. దారిలోనే చల్లబడిపోతుంది.

ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిందే కంగారూ సంరక్షణ. బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, తల ఓ పక్కకు తిప్పి, గుడ్డతో కట్టాలి. తండ్రి గాని నానమ్మ గాని కూడా ఇలా ఎత్తుకోవచ్చు. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇలా ఎత్తుకుంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయని అందులో తేలింది. రోజుకు 8 నుంచి 24 గంటలు ఎత్తుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

ఇక బిడ్డను చదవడం. బోస్టన్‌లో హైడెలీస్ ఆల్స్ 1980లలో దీన్నొక శాస్త్రంగా మలిచారు. ఏ ఇద్దరు బిడ్డలూ ఒక్కలా ఉండరు. వేళ్లు విచ్చుకున్నా, ఎక్కిళ్లు వచ్చినా, రంగు మారినా, చూపు తిప్పుకున్నా "ఇక చాలు" అంటున్నట్టే. అప్పుడు చెయ్యి ఆపాలి, దీపం తగ్గించాలి, తలుపు మెల్లగా వేయాలి. చుట్టిన గుడ్డలతో గూడులా అమర్చితే చేతులు నోటికి అంది బిడ్డ కుదురుకుంటుంది. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం కలిపి చేయగల నేర్పు దాదాపు 34 వారాలకు గాని రాదు. అందాకా పిండిన తల్లిపాలు గొట్టంతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టాలి.

దీనికంతటికీ తల్లి అక్కడ ఉండాలి కదా! ఒక ఆసుపత్రి వరండాలో మాకు కనిపించిన తల్లి పూటకూడు తిని గోడకు ఆనుకుని కూర్చుంది. "ఇంటికాడ పెద్దపిల్ల ఒక్కతే ఉంది" అంటూ నాలుగో రోజున వెళ్లిపోవడానికి సిద్ధపడింది. పాలు తగ్గుతున్నాయని మాకు చెప్పింది కూడా ఆమే. ఆమె చేతిలో సంచీ చూసి మేము సిగ్గుపడ్డాం. అంతకు ముందురోజే యంత్రాల ధరలు వాకబు చేసి వచ్చాం మరి.

తన పరిచారిక కాన్పులో చనిపోయిందన్న బాధతో నీలోఫర్ యువరాణి తలపెట్టిన ఆసుపత్రి 1953లో హైదరాబాదులో వెలిసింది. మన దగ్గర అంత సొమ్ము లేదు. ఉన్నంతలో తల్లికి మూడు పూటల భోజనం, వెనక్కి వాలే కుర్చీ, ఇంటి దగ్గరి పిల్లలకు బియ్యం ఇవ్వగలం. 34 వారాలలోపు, లేదా 2 కిలోల లోపు పుట్టిన బిడ్డకు నెల తిరిగేలోగా కంటిపరీక్ష జరగాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఇంటికి వెళ్లిన తల్లి దానికోసం మళ్లీ రావాలంటే చేతిలో కిరాయి ఉండాలి.

ఈ తల్లుల్లో ఎక్కువమంది కోయవారు. అందుకే ఈ ఖర్చును జకాత్ ఖాతాలో కలపకుండా సదకా నిధి కింద వేరుగా రాస్తున్నాం. మొదటి పద్దు ఆటో కిరాయిలు.