స్థూలభక్షక కణాలను నియంత్రించే పునఃసంయోజక ఎం-సీఎస్‌ఎఫ్ ప్రోటీను: పశువుల బ్రూసెల్లోసిస్ పరిశోధనలో దాని స్థానం

సారాంశం

స్థూలభక్షక కణాల పుట్టుకను, మనుగడను నియంత్రించే వృద్ధికారకం ఎం-సీఎస్‌ఎఫ్. పునఃసంయోజక పద్ధతిలో తయారైన ఈ ప్రోటీను సహాయంతో ఆ కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటిలో దాగి జీవించే బ్రూసెల్లా సూక్ష్మజీవిని పరిశీలించుట సాధ్యమైంది. ఇది పరిశోధన సాధనమే గాని పశువుకు వేసే మందు కాదు. పాడి రైతుకు అందుబాటులో ఉన్న రక్షణ, పెయ్యదూడలకు సకాలంలో వేయించే టీకా.

కీలక పదాలు: స్థూలభక్షక కణం, ఎం-సీఎస్‌ఎఫ్, పునఃసంయోజక ప్రోటీను, బ్రూసెల్లోసిస్, ఎస్-19 టీకా

ఉపోద్ఘాతం

కామారెడ్డి జిల్లాలో 2016లో ఏర్పడిన పెద్దకొడప్‌గల్ వంటి మండలాలలో పైరు దెబ్బతిన్న ఏడాది పాల డబ్బే ఇల్లు గడుపుతుంది. చూడి నిండుతున్న దశలో ఆవు గాని గేదె గాని ఈసుకుపోతే దూడ దక్కదు. ఆ ఈతలో పాల దిగుబడి పడిపోతుంది. మాయ పడక గర్భాశయం చెడి, పశువు మళ్లీ చూడి కట్టుటకు నెలలు పడుతుంది. ఇట్టి గర్భస్రావాలకు గల కారణాలలో బ్రూసెల్లోసిస్ ముఖ్యమైనది. ఈ రోగం పశువు నుండి మనిషికి కూడా సోకుతుంది. దీని మొండితనానికి మూలం, సూక్ష్మజీవులను చంపవలసిన కణంలోనే ఈ సూక్ష్మజీవి కాపురముండుట.

స్థూలభక్షక కణాలు – ఎం-సీఎస్‌ఎఫ్

శరీరంలో చొరబడిన సూక్ష్మజీవులను, కాలం తీరిన ఎర్ర రక్తకణాలను మింగి జీర్ణం చేసుకొనేవి స్థూలభక్షక కణాలు. భక్షణ ప్రక్రియను 1882లో గుర్తించిన మెచ్నికాఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి లభించింది. ఎముక మజ్జలోని మూలకణాలు ఈ మార్గంలో పరిణతి చెందుటకు, చెందిన పిదప బ్రతికి ఉండుటకు ఎం-సీఎస్‌ఎఫ్ అవసరం. రెండు సమాన గొలుసులు జతకూడిన ఈ ప్రోటీను, కణం ఉపరితలంపై గల గ్రాహకాలను జతపరచి కణంలోనికి సంకేతం పంపుతుంది. ఎం-సీఎస్‌ఎఫ్ జన్యువు లోపించిన ఎలుకలలో స్థూలభక్షక కణాలు బాగా తగ్గిపోతాయి. ఎముకను కరిగించే కణాలు కూడా ఇదే సంకేతంపై ఆధారపడుటచేత, ఆ ఎలుకల ఎముకలు అతిగా దట్టమై, పళ్లు మొలవవు.

పునఃసంయోజక ప్రోటీను తయారీ

పూర్వం ఈ వృద్ధికారకం కొరకు, దానిని విడుదల చేసే ఎలుక కణాలను పెంచిన ద్రవాన్ని వాడేవారు. ఆ ద్రవంలో ఎం-సీఎస్‌ఎఫ్ మోతాదు ఒక్కొక్క మారు ఒక్కొక్క రీతిగా ఉండేది; ఇతర ప్రోటీనులు కూడా కలిసి ఉండేవి. పునఃసంయోజక పద్ధతిలో ఎం-సీఎస్‌ఎఫ్ జన్యువును బాక్టీరియాలో గాని, జంతుకణాలలో గాని చేర్చి ప్రోటీనును ఉత్పత్తి చేయించి శుద్ధి చేస్తారు. హెపటైటిస్-బి టీకాను 1997లో హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ ఈస్టు కణాల ద్వారా విడుదల చేసినదీ ఈ సూత్రం మీదనే.

బాక్టీరియాలో తయారైన ఎం-సీఎస్‌ఎఫ్ తరచు ముద్దలుగా పేరుకుంటుంది. వాటిని కరిగించి, గొలుసులు సరైన రీతిలో ముడుచుకొని జతపడునట్లు చేయాలి. బాక్టీరియా పైపొర నుండి వచ్చే ఎండోటాక్సిన్‌ను పూర్తిగా తొలగించాలి. అది లేశమాత్రంగా మిగిలినా స్థూలభక్షక కణాలు దానికే ఉద్రేకపడి ప్రయోగ ఫలితాన్ని తారుమారు చేస్తాయి. జాతి భేదం కూడా గమనార్హం: మానవ ఎం-సీఎస్‌ఎఫ్ ఎలుక కణాలపై పనిచేస్తుంది గాని, ఎలుకది మానవ కణాలపై పనిచేయదు. కావున పశుకణాలపై వాడే ప్రోటీను వాటిపై పనిచేయునో లేదో ముందుగా పరీక్షించుకోవాలి.

ఎలుక ఎముక మజ్జ కణాలను ఈ ప్రోటీను కలిపిన ద్రవంలో సుమారు ఏడు రోజులు పెంచితే, అవి పాత్ర అడుగుకు అంటుకొని స్థూలభక్షక కణాలుగా మారతాయి.

బ్రూసెల్లా ఆశ్రయం

ఇట్లు పెంచిన కణాలలో బ్రూసెల్లాను ప్రవేశపెట్టినపుడు అధిక భాగం చనిపోతుంది. మిగిలినవి తమను చుట్టిన సంచిలోని ఆమ్లత్వాన్నే ఆసరాగా చేసుకొని, ప్రత్యేక స్రావ యంత్రాంగం ద్వారా కణంలోనికి ప్రోటీనులను పంపి, అంతర్జీవద్రవ్య జాలం చేరి అక్కడ వృద్ధి చెందుతాయి. హైదరాబాదులోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థలో కూడా బ్రూసెల్లాపై పరిశోధనలు జరుగుతున్నాయి.

అట్లయితే పశువుకు ఎం-సీఎస్‌ఎఫ్ ఇచ్చి స్థూలభక్షక కణాలను పెంచితే రోగం తగ్గునా అనే ప్రశ్న సహజం. కణాల సంఖ్య పెరిగినంత మాత్రాన వాటి సంహారశక్తి పెరగదు. సూక్ష్మజీవికి తలదాచుకొనే ఇళ్లు పెరుగుట కూడా సంభవమే. ఆ శక్తిని పెంచేది టి-కణాలు విడుదల చేసే గామా ఇంటర్‌ఫెరాన్. జీవముండి తీవ్రత తగ్గిన ఎస్-19 టీకా ఆ టి-కణాలను ముందుగానే సిద్ధపరుస్తుంది.

రైతులకు సూచనలు

1. ఆవు, గేదె పెయ్యదూడలకు 4–8 నెలల వయస్సులో ఒక్కమారు ఎస్-19 టీకా వేయించాలి. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా చేర్చబడింది. మగ దూడలకు, చూడి పశువులకు వేయరాదు.

2. ఇది సజీవ టీకా కావున వేసేవారు చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించాలి.

3. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తాకరాదు. కుక్కలకు అందకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చాలి.

4. సంతలో కొన్న పశువును రక్తపరీక్ష చేయించిన పిదపనే మందలో కలపాలి.

5. పాలు మరిగించి త్రాగాలి. విడిచి విడిచి జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్నవారు తమకు పశువులతో గల సంబంధాన్ని వైద్యునికి తెలుపాలి.

ముగింపు

ఎం-సీఎస్‌ఎఫ్ స్థూలభక్షక కణాన్ని పుట్టించి నిలుపుతుంది. దానికి పోరాటశక్తి చేకూర్చే ఏర్పాటు టీకా వలన కలుగుతుంది. ప్రయోగశాలలో మొదటిది ఎంత అవసరమో, పశువుల కొట్టంలో రెండవది అంత అవసరం. ఎనిమిది నెలలు దాటితే పెయ్యకు ఎస్-19 టీకా వేయించే అదను తప్పిపోతుంది గనుక, దూడ పుట్టిన తేదీని రైతు వ్రాసి ఉంచుకొనుట మేలు.