ఖరీదైన లెన్సు విమానాన్ని దగ్గరికి తెస్తుందా?

శంషాబాద్ పరిసరాల పిల్లలకు విమానం వింత కాదు. 2008 మార్చిలో విమానాల రాకపోకలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. అప్పటినుంచి మోత వినిపించినప్పుడల్లా పాఠం ఒక్క క్షణం ఆపడం నాకు అలవాటైపోయింది.

ఒకరోజు సాయంత్రం మా పాత విద్యార్థి ఒకడు మెడలో కెమెరాతో బడికి వచ్చాడు. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీయడం అతని జీవనాధారం. దిగే విమానాలను తీయడం సరదా. అతని దగ్గర 70–300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఉంది. దానికి ఎన్నో రెట్లు ధర పలికే 70–200 లెన్సును అప్పు చేసి కొనాలని ఆలోచన.

"సార్, అన్ని పైసలు పెడితే విమానం ఇంకా దగ్గరికొస్తది గదా?"

జవాబు చెప్పకుండా ప్రయోగశాల తలుపు తీశాను. ఆ ప్రయోగం మీరూ చేయవచ్చు. 5 సెంటీమీటర్ల వెడల్పు గల కుంభాకార కటకాలు రెండు తీసుకోండి. ఒకదాని నాభ్యంతరం 10 సెం.మీ., రెండవదానిది 20 సెం.మీ. ఉండాలి. కిటికీకి ఎదురుగా తెల్లకాగితం పెట్టి, బయటి వేపచెట్టు ప్రతిబింబాన్ని దానిపై పట్టండి. చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. రెండవ కటకంతో చెట్టు రెట్టింపు ఎత్తు ఉంటుంది, కాని వెలుగు తగ్గుతుంది. ఎందుకని? రెండు కటకాల్లోకీ వచ్చే కాంతి ఒక్కటే. రెండవదానిలో అది నాలుగు రెట్ల వైశాల్యం మీద పరుచుకోవాలి మరి!

ప్రతిబింబం పరిమాణాన్ని నిర్ణయించేది నాభ్యంతరం, ధర కాదు. దూరపు వస్తువు పొడవును నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగిస్తే ప్రతిబింబం పొడవు వస్తుంది. ఎయిర్‌బస్ ఎ320 విమానం పొడవు సుమారు 37.5 మీటర్లు. అది కిలోమీటరు దూరంలో మనకు అడ్డంగా పోతున్నదనుకోండి. 300 మి.మీ. వద్ద ప్రతిబింబం 11 మి.మీ. పైచిలుకు; 200 వద్ద ఏడున్నర మాత్రమే. ఆ కెమెరాలో కాంతిని గ్రహించే ఫలకం వెడల్పు సుమారు 23 మి.మీ. అంటే పాత లెన్సుతో దాదాపు సగం ఫోటోను ఆక్రమించే విమానం, ఖరీదైన దానితో మూడోవంతుకు కుదించుకుపోతుంది!

మా వాడు లెక్క రెండుసార్లు వేసి చూసుకున్నాడు. "మరి అంత ధర దేనికి సార్?"

లెన్సు అంచు మీద చెక్కిన రెండో సంఖ్యకు. నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్-సంఖ్య. పాత లెన్సుకు 300 వద్ద అది 5.6, అంటే ద్వారం దాదాపు 54 మి.మీ. కొత్తదానికి 200 వద్ద 2.8, ద్వారం 71 మి.మీ. అంత వెడల్పైన గాజును దోషం లేకుండా సానపట్టడం, రంగుల అంచులు రాకుండా ప్రత్యేకమైన గాజును వాడడం ఖర్చుతో కూడిన పని. ఎఫ్-సంఖ్య సగమైతే ఫలకం మీద ప్రతి చోటా పడే కాంతి నాలుగు రెట్లవుతుంది. మన కటకాల్లోనూ ఇదే చూశాం: ఒకదానికి 2, మరొకదానికి 4.

నాలుగు రెట్ల కాంతి పెళ్ళివారింట్లో ఏం చేస్తుందో చూడండి. అర మీటరు ఎత్తునుంచి జారిన తలంబ్రాల గింజ వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు. మసక వెలుతురులో సెకనులో 50వ వంతు సేపు కాంతి కావలసివస్తే, ఆ లోపల గింజ 6 సెంటీమీటర్లు జారి ఫోటోలో గీతలా పడుతుంది. 200వ వంతు సేపు చాలితే, ఆ గీత ఒకటిన్నర సెంటీమీటర్లే.

ఇక విమానానికి వేరే మందు ఉంది. నడిమధ్యాహ్నం కాగిన నేల మీది గాలి పొరల సాంద్రత క్షణక్షణం మారుతూ కాంతిని వంచుతుంది, బొమ్మ వణుకుతుంది. ఏ లెన్సూ దానిని ఆపలేదు. తెల్లవారగానే తీయాలి. చలికాలంలో సూర్యుడు దక్షిణాన నడుస్తాడు, ఇక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కనుక విమానమార్గానికి దక్షిణంగా నిలబడి ఉత్తరానికి చూస్తే ఎండ విమానం పక్కకు తగులుతుంది. దూరం సగమైతే బొమ్మ రెట్టింపు, పైసా ఖర్చు లేకుండా. (అలాగని ప్రహరీ దగ్గరికో, రింగురోడ్డు మీదికో పోకండి. విమానాశ్రయంలో అనుమతి లేనిదే కెమెరా తీయకండి.)

అప్పుమాట తర్వాత చూద్దాం, ముందు రెండు ముహూర్తాలకు ఆ లెన్సు అద్దెకు తెచ్చుకొమ్మన్నాను. తెచ్చుకున్నాడు. తలంబ్రాల ఫోటో చూపిస్తూ, గింజలు లెక్కపెట్టుకోవచ్చు సార్ అన్నాడు. పెళ్ళిళ్ళ కాలం ముగిశాక, వచ్చిన డబ్బుతో ఒకరు వాడినదాన్ని కొన్నాడు. విమానాలకు మాత్రం పాత లెన్సే బిగిస్తున్నాడు.