ప్రమోషన్ తర్వాత బేసిక్ ఎంత?

ప్రమోషన్ ఆర్డరు వచ్చిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచుతారు. పాత సీటు ఫైళ్లు అప్పగించి, కొత్త సీటులో చేరినట్టు రిపోర్టు ఇస్తారు. ఆ సందడిలో చాలామంది ఒక కాగితం సంగతి మరిచిపోతారు. కొత్త జీతాన్ని ఏ తేదీ నుంచి ఖరారు చేయాలో ఉద్యోగే రాసివ్వాల్సిన ఆప్షన్ లేఖ అది. కేంద్ర ప్రభుత్వంలో దీనికి గడువు ప్రమోషన్ తేదీ నుంచి ఒక నెల. నాలుగు వాక్యాల ఆ లేఖ విలువ కొందరి విషయంలో సర్వీసంతా ప్రతి నెలా కనిపిస్తూనే ఉంటుంది.

హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఎస్‌ఎస్‌సీకీ గ్రూప్స్‌కీ చదివేవాళ్లు నోటిఫికేషన్‌లో మొదట చూసేది ప్రారంభ వేతనం. అందులో తప్పేమీ లేదు. కానీ ముప్ఫై ఏళ్లు చేయబోయే ఉద్యోగంలో ఆ అంకె మొదటి మెట్టు మాత్రమే. తర్వాతి మెట్టు ఎక్కినప్పుడు జీతం ఎలా లెక్క కడతారో చేరకముందే తెలుసుకున్నవాళ్లు రెండు ఉద్యోగాలను సరిగ్గా పోల్చుకోగలరు.

ఈ లెక్కలకు మూలం ఫండమెంటల్ రూల్స్ (ఎఫ్‌ఆర్). 1922 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధనల్లో 22వది జీతం ఖరారుకు సంబంధించినది. బాధ్యత పెరిగినప్పుడు జీతమూ పెరగాలన్నది దాని సారం. ప్రమోషన్ వచ్చిన వ్యక్తికి ముందు పాత పోస్టులోనే ఒక ఇంక్రిమెంటు ఇచ్చినట్టు కాగితం మీద లెక్క వేస్తారు. దీన్నే నోషనల్ ఇంక్రిమెంటు అంటారు. అలా వచ్చిన అంకెను తీసుకెళ్లి కొత్త పోస్టు స్కేలులో కూర్చోబెడతారు.

2016 జనవరి 1 నుంచి ఏడో వేతన సంఘం సిఫార్సులు అమల్లోకి రావడంతో కేంద్ర ఉద్యోగులకు ఈ పని చాలా తేలికైంది. పే మ్యాట్రిక్స్ అనే పట్టికలో లెవెల్స్ అడ్డంగా, ఏటేటా పెరిగే బేసిక్ నిలువుగా ఉంటాయి. ఒక్కో గడికీ సుమారు 3 శాతం పెరుగుదల. లెవెల్ 4లో రూ. 28,700 బేసిక్ ఉన్న ఉద్యోగి లెవెల్ 5కు వెళ్లాడనుకుందాం. పాత లెవెల్‌లో ఒక గడి కిందికి దిగితే రూ. 29,600. లెవెల్ 5లో సరిగ్గా ఆ అంకె లేదు కాబట్టి అంతకన్నా పెద్దదైన తర్వాతి గడి రూ. 30,100 అతని కొత్త బేసిక్ అవుతుంది. పెరిగింది రూ. 1,400.

ఇప్పుడు ఒక లోయర్ డివిజన్ క్లర్కు (ఎల్‌డీసీ) లెక్క చూడండి. లెవెల్ 2లో రూ. 19,900తో చేరి, ఐదు ఇంక్రిమెంట్లతో రూ. 23,100కు వచ్చాక అప్పర్ డివిజన్ క్లర్కు (యూడీసీ) అయ్యారు. నోషనల్ ఇంక్రిమెంటుతో రూ. 23,800. యూడీసీ ఉండేది లెవెల్ 4లో, దాని మొదటి గడే రూ. 25,500. అంతకు తక్కువ ఇవ్వడానికి వీల్లేదు కాబట్టి బేసిక్ ఒక్కసారిగా రూ. 2,400 పెరిగింది. త్వరగా ప్రమోషన్ దొరికే శాఖలను అభ్యర్థులు వెతుక్కోవాల్సింది ఇందుకే. సర్వీసు తక్కువగా ఉన్నప్పుడు పై మెట్టు ఎక్కితే గెంతు పెద్దది. ఏళ్ల తరబడి ఇంక్రిమెంట్లు పోగేసుకున్నాక ఎక్కితే ఆ తేడా చిన్నదైపోతుంది.

ఇక ఆప్షన్ లేఖ సంగతి. ఉద్యోగి ముందు రెండు దారులుంటాయి. ప్రమోషన్ తేదీ నుంచే జీతం ఖరారు చేయమనవచ్చు, లేదా పాత పోస్టులో తన తర్వాతి ఇంక్రిమెంటు తేదీ దాకా ఆగి అప్పుడు ఖరారు చేయమనవచ్చు. రెండో దారిలో ముందు పై లెవెల్‌లో పాత బేసిక్ కన్నా ఎక్కువైన తర్వాతి గడి ఇస్తారు. ఇంక్రిమెంటు తేదీ రాగానే పాత లెవెల్‌లో రెండు ఇంక్రిమెంట్లు, అంటే ఏటా వచ్చేదొకటి, ప్రమోషన్‌ది ఒకటి కలిపి మళ్లీ లెక్క కడతారు.

అదే రూ. 28,700 ఉద్యోగికి ఫిబ్రవరి 10న ప్రమోషన్ వచ్చిందనుకుందాం. ఇంక్రిమెంటు జూలై 1న. మొదటి దారిలో వెంటనే రూ. 30,100, వచ్చే జనవరి 1న రూ. 31,000. రెండో దారిలో జూన్ ఆఖరు దాకా రూ. 29,200 మాత్రమే, జూలై 1న నేరుగా రూ. 31,000, ఆరు నెలలు నిండగానే జనవరి 1న రూ. 31,900. మొదటి అయిదు నెలల్లో బేసిక్‌లో నాలుగు వేల పైచిలుకు వదులుకుంటే, ఆ ఏడాది చివరికే రూ. 5,400 తిరిగొస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఒక గడి ముందే. కరువు భత్యాన్ని (డీఏను) బేసిక్ మీద శాతంగా కడతారు కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

అందరికీ ఇదే మేలని కాదు. ఇదే ఉద్యోగికి ప్రమోషన్ జూలై 10న వచ్చి, ఇంక్రిమెంటు మళ్లీ వచ్చే జూలైలోనే ఉంటే దాదాపు ఏడాది పాటు నెలకు రూ. 900 తక్కువ తీసుకోవాలి. అది పూడటానికి సుమారు మూడేళ్లు పడుతుంది. రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లకు అలా ఆగడం నష్టమే. పైన చెప్పిన ఎల్‌డీసీకైతే ఏ దారి అయినా రూ. 25,500 కనీసమే వస్తుంది. కాబట్టి తోటి ఉద్యోగి రాసిన ఆప్షన్‌ను చూసి రాయకూడదు. పే మ్యాట్రిక్స్ పక్కన పెట్టుకుని, పెన్నుతో అరగంట కూర్చుంటే ఎవరి లెక్క వాళ్లకు తేలుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో పద్ధతి కొంచెం వేరు. ఇక్కడ మాస్టర్ స్కేలు ఒకటే పొడవాటి నిచ్చెన. 2022 వేతన సవరణలో ఆంధ్రప్రదేశ్‌ది రూ. 20,000 నుంచి 1,79,000 దాకా, 2020 సవరణలో తెలంగాణది రూ. 19,000 నుంచి 1,62,070 దాకా. ఒక్కో పోస్టు స్కేలు ఆ నిచ్చెనలో ఒక ముక్క. ప్రమోషన్‌కు వర్తించే ఎఫ్‌ఆర్ 22-బి ప్రకారం నోషనల్ ఇంక్రిమెంటు వేసిన తర్వాత వచ్చే అంకె దగ్గర ఆగకుండా దానిపై మెట్టుకు తీసుకెళ్తారు. రెండు స్కేళ్లూ ఒకే నిచ్చెనవి కావడంతో ఉద్యోగుల మాటల్లో ‘22-బి అంటే రెండు ఇంక్రిమెంట్లు’ అని స్థిరపడింది. ఆంధ్రప్రదేశ్‌లో రూ. 45,830 బేసిక్ ఉన్న, ఆ పోస్టులో ఇంకా 12 ఏళ్లు నిండని సీనియర్ అసిస్టెంట్‌కు సూపరింటెండెంట్‌గా ప్రమోషన్ వస్తే నోషనల్‌గా రూ. 47,090, ఆపై మెట్టు రూ. 48,440.

12 ఏళ్ల మాట ఊరికే అనలేదు. ఒకే పోస్టులో 6, 12, 18, 24 ఏళ్లు పూర్తిచేసినవారికి పై స్కేళ్లిచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ ఉంది. అందులో ఏ మెట్టు దాకా లాభం తీసుకున్నారన్నదాన్ని బట్టి ప్రమోషన్ నాడు 22-బి వర్తిస్తుందా, ఒక్క మెట్టే ఇచ్చే మామూలు 22 వర్తిస్తుందా అన్నది తేలుతుంది. రాష్ట్ర ఉద్యోగులకు ఇంక్రిమెంటు నెల కూడా అందరికీ ఒకటి కాదు, చేరిన నెలను బట్టి మారుతుంది. అందుకే కేంద్ర ఉద్యోగి లెక్కను ఇక్కడ దింపుకుంటే తప్పు వస్తుంది.

కేంద్రంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 2008 సెప్టెంబరు 1 నుంచి ఉన్న ఎంఏసీపీ (మోడిఫైడ్ అష్యూర్డ్ కెరీర్ ప్రోగ్రెషన్) పథకం కింద 10, 20, 30 ఏళ్లకు ప్రమోషన్ లేకపోయినా పై లెవెల్ జీతం ఇస్తారు. ఆ లాభం ముందే అందుకున్నవారికి తర్వాత అదే లెవెల్‌కు అసలు ప్రమోషన్ వస్తే హోదా మారుతుంది తప్ప జీతం మళ్లీ ఖరారు కాదు. ‘ప్రమోషన్ వచ్చినా రూపాయి పెరగలేదే’ అని బాధపడే సీనియర్లలో చాలామంది కథ ఇదే. బదిలీ ఇష్టం లేక ప్రమోషన్ వద్దని రాసిచ్చినవారికి అంతకు ముందు రాని ఎంఏసీపీ కూడా చేజారుతుంది. పిల్లల చదువులు, తల్లిదండ్రుల ఆరోగ్యం కోసం అలాంటి నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆ సంగతి సంతకానికి ముందే ఎవరైనా చెప్పాలి.

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఎగ్జిక్యూటివ్‌లకు గడుల పట్టిక లేదు. 2017 సవరణ తర్వాత ఏటా ఇంక్రిమెంటుకైనా, ప్రమోషన్‌కైనా బేసిక్‌లో 3 శాతం చొప్పునే.

పోస్టల్‌లోనో రైల్వేలోనో చేరి, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకు చదువుతున్న యువతీ యువకులకు ఇంకొక మాట. పైపోస్టు పరీక్షలో గెలుచుకున్నా, పాత జీతం కొత్త ఉద్యోగంలో లెక్కలోకి రావాలంటే దరఖాస్తు పాత శాఖ అనుమతితో, సరైన దారిలో వెళ్లి ఉండాలి. వెళ్లేటప్పుడు ఇచ్చేది మామూలు రాజీనామా కాకూడదు, టెక్నికల్ రాజీనామా అని అందులో స్పష్టంగా ఉండాలి. చెప్పకుండా పరీక్ష రాసి, హడావిడిగా మామూలు రాజీనామా ఇచ్చి వెళ్లినవాళ్లు నాలుగైదేళ్ల ఇంక్రిమెంట్లను పాత ఆఫీసులోనే వదిలేసి మళ్లీ మొదటి గడిలో నిలబడాల్సి వస్తుంది. ఆ అనుమతి కాపీని కొత్త ఆఫీసులో మొదటి రోజే ఇచ్చి, సర్వీసు రిజిస్టర్‌లో నమోదైందో లేదో కళ్లారా చూసుకోవాలి.