పసుపులో పసుపెంత?

గాయమైతే పసుపు, జలుబు చేస్తే పాలలో పసుపు, శుభకార్యమైతే గడపకు పసుపు. ఆయుర్వేదం హరిద్ర అని పేర్కొన్న ఈ దుంప ఏదో ఒక రూపంలో ప్రతిదినం మన ఇంట వాడుకలో ఉన్నదే. అయితే దాని మంచిచెడ్డలను మనం రంగును చూసి నిర్ణయిస్తాం. కల్తీ చేసేవారికి కావలసినదీ ఇదే. మెటానిల్ ఎల్లో అనే అద్దకపు రంగు కొద్దిగా కలిపితే నాసిరకం పొడి కూడా మిలమిల మెరుస్తుంది. ఆహారపదార్థాలలో ఈ రంగు వాడకం మన దేశంలో నిషిద్ధం.

పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. అదీ ఒక రసాయన పరీక్షే. కాని అందులో పసుపు ఉన్నదని మాత్రమే అది చెబుతుంది. వేరొకటి లేదని చెప్పదు. కలిసిపోయినవాటిని విడదీసి చూపే విద్య వర్ణలేఖనం, అనగా క్రొమటోగ్రఫీ. సుద్దపొడి నింపిన గాజుగొట్టంలో ఆకుల వర్ణద్రవ్యాలు వేర్వేరు పట్టీలుగా విడిపోవడాన్ని రష్యన్ వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ 1906లో ప్రచురించిన వ్యాసాలలో వివరించాడు. రష్యన్ భాషలో త్స్వెత్ అంటే రంగనే అర్థం!

తిరునాళ్ళకు కలిసి బయలుదేరినవారిలో ప్రతి అంగడి వద్దా ఆగేవాడు వెనుకబడతాడు, ఆగనివాడు ముందుకు పోతాడు. ఇక్కడ జరిగేదీ అంతే.

పసుపు పరీక్షకు సిలికా జెల్‌ను పలుచగా పూసిన పలకను వాడతారు. పొడిని మెథనాల్‌లో కలిపి, వడగట్టి, ఆ ద్రావణాన్ని సన్నని గాజునాళికతో పలక అడుగు అంచుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల పైన చుక్కగా పెట్టాలి. పక్కనే శుద్ధమైన కుర్కుమిన్ చుక్క ఒకటి, మెటానిల్ ఎల్లో చుక్క ఒకటి ఉంచాలి. ఆధారరేఖను పెన్సిలుతోనే గీయాలి. సిరాతో గీస్తే ఆ సిరా కూడా చుక్కలతో పాటు ప్రయాణం కడుతుంది. చుక్క ఎంత చిన్నదైతే అంత మేలు. పెద్ద చుక్క తోకలు సాగి, ఒకదానిపై ఒకటి పడుతుంది.

క్లోరోఫామ్ 95 పాళ్ళు, మెథనాల్ 5 పాళ్ళు కలిపిన ద్రవాన్ని గాజుపాత్రలో పోసి, మూతపెట్టి, ఆవిరి నిండిన తరువాత పలకను నిలపాలి. చుక్కలు ద్రవంలో మునగరాదు. ద్రవం పలకపై చాలవరకు ఎగబ్రాకగానే బయటకు తీసి, అది చేరిన అంచును వెంటనే గుర్తించాలి. ఆరిన తరువాత ఆ అంచు కనిపించదు. ఈ ద్రవాల ఆవిరి హానికరం కనుక ఇది వంటింట చేయదగిన పని కాదు.

అసలు పసుపు మూడు చుక్కలుగా విడిపోతుంది. అన్నిటికన్న పైన కుర్కుమిన్, దాని క్రింద డెమెథాక్సీ కుర్కుమిన్, ఇంకా క్రింద బిస్‌డెమెథాక్సీ కుర్కుమిన్. లవణ స్వభావం గల మెటానిల్ ఎల్లో సిలికాను గట్టిగా పట్టుకొని అడుగునే వెనుకబడుతుంది. చుక్క సాగిన దూరాన్ని ద్రవం సాగిన దూరంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది: ద్రవం 8 సెంటీమీటర్లు, చుక్క 4 సెంటీమీటర్లు సాగితే 0.5. ద్రవం మారినా, గదిలోని తేమ మారినా ఈ అంకె మారవచ్చు. అందుకే పక్కన సాక్షి చుక్కలు లేని పలకను నమ్మరాదు.

పలక నిర్దోషి అన్నంత మాత్రాన పసుపు నిర్దోషి కాదు. కొమ్ములకు మెరుపు కోసం బంగ్లాదేశ్‌లో లెడ్ క్రోమేట్ అనే సీసపు లవణాన్ని వాడినట్లు 2019లో ప్రచురితమైన పరిశోధన బయటపెట్టింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఈ లవణం మెథనాల్‌లో కరగదు. వడపోత కాగితం మీదనే మిగిలిపోతుంది, పలక వరకు రానే రాదు. దానిని పట్టుకోవడానికి అటామిక్ అబ్జార్‌ప్షన్ వంటి వేరే పరీక్ష అవసరం.

కొమ్ములు కొని ఇంట దంచుకోవడం మంచిదే కాని, అద్దంలా మెరిసే కొమ్మును, ముట్టుకోగానే చేతికి చిక్కని రంగు అంటే కొమ్మును తీసుకోకండి. ప్రయోగశాలకు నమూనా పంపేవారు రంగు పరీక్షతో పాటు సీసం పరీక్ష కూడా కావాలని విడిగా వ్రాసి కోరాలి. వీలైతే, కొన్న ప్యాకెట్టును విప్పకుండానే ఇవ్వాలి.