విండోస్ 11 ఎక్కిస్తే గేమ్స్ స్పీడవుతాయా? వెంకటాచలంలో ఒక పాత పీసీ మీద చేసి చూశాం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్నది సెక్యూరిటీ గురించి కాదు, ఎఫ్‌పీఎస్ గురించి. వెంకటాచలంలో ఉండే మా పిన్ని కొడుకుదీ అదే ప్రశ్న: "అన్నా, పదకొండు ఎక్కిస్తే వాలొరెంట్ స్పీడవుద్దా?" నెల్లూరులో ఒక షాపువాళ్లు పీసీ చూసి, ఇది పాతదైపోయింది, కొత్తది తీసుకోమన్నారట. ఇంట్లో ఇప్పుడు అంత డబ్బు లేదు. పైగా వాళ్ల చెల్లి ఇంటర్ నోట్సు, ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. తేడా వస్తే పోయేది గేమ్ ఒక్కటే కాదు.

పీసీ వివరాలు: ఇంటెల్ కోర్ ఐ5-8400, 8 జీబీ ర్యామ్ (ఒకే స్టిక్), ఎన్విడియా జీటీఎక్స్ 1050 టీఐ, 1 టీబీ హార్డ్ డిస్క్. మన ఊళ్లలో ఇలాంటి పీసీలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది మీకూ పనికొస్తుంది.

ముందు అసలు ఎక్కుతుందా అన్నది చూడాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ "కుదరదు" అంది. షాపువాళ్లు కూడా బహుశా ఇది చూసే చెప్పి ఉంటారు. కానీ ఇంటెల్‌లో ఒకటి రెండు మినహాయింపులు తప్పిస్తే 8వ జనరేషన్ నుంచి సపోర్ట్ ఉంది, అంటే ఈ ప్రాసెసర్ పాసే. అడ్డుపడింది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్. ఈ రెండూ బోర్డులో ఉన్నాయి, ఆఫ్‌లో ఉన్నాయంతే. బయోస్‌లోకి వెళ్లి పీటీటీ అన్నది ఆన్ చేస్తే టీపీఎం వచ్చేస్తుంది. ఏఎండీ బోర్డుల్లో దీన్ని ఎఫ్‌టీపీఎం అంటారు.

సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. పాత విండోస్ ఎంబీఆర్ డిస్క్ మీద ఉంటే, సెక్యూర్ బూట్‌కి కావాల్సిన యూఈఎఫ్ఐ మోడ్‌లో బూట్ అవ్వదు. డిస్క్‌ని జీపీటీకి మార్చాలి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. డేటా పోకుండానే మారుస్తుంది. అయినా సరే, చెల్లి నోట్సు, ఫొటోలు ముందు బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే మొదలుపెట్టాం. ముందు వ్యాలిడేట్ కమాండ్, అది ఓకే అంటేనే కన్వర్ట్. తర్వాత బయోస్‌లో సీఎస్ఎం ఆఫ్, సెక్యూర్ బూట్ ఆన్. ఈ పనికి యూపీఎస్ ఉండాల్సిందే. వాన మబ్బు పట్టిన రోజు అస్సలు పెట్టుకోవద్దు, మధ్యలో కరెంటు పోతే డిస్క్ ఎటూకాకుండా ఆగిపోతుంది.

"ఇదంతా ఎందుకన్నా, రూఫస్‌తో చెక్ దాటేసి ఎక్కించొచ్చుగా?" అన్నాడు. ఎక్కించొచ్చు. కానీ విండోస్ 11 మీద వాలొరెంట్ వాళ్ల వ్యాన్‌గార్డ్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ అడుగుతుంది. లేకపోతే వ్యాన్ 9001 లాంటి ఎర్రర్ చూపించి గేమ్ తెరవదు. వాడు ఆడేదే ఆ గేమ్!

ఇక అసలు ప్రశ్న. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే 6.9. ఆ టైమ్‌లో ఎక్కువ భాగం ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పనికే పోతుంది. విండోస్ వాటా చాలా తక్కువ. అందుకే హార్డ్ డిస్క్ మీద, అదే మ్యాప్, అవే సెట్టింగ్స్‌తో 10లో మూడుసార్లు, 11లో మూడుసార్లు చూస్తే యావరేజ్‌లో ఆటకి తెలిసేంత తేడా రాలేదు. మావాడి మొహం వాడిపోయింది.

ప్రచారంలో వినిపించే ఫీచర్ల సంగతి కూడా చూద్దాం. డైరెక్ట్‌స్టోరేజ్ లాభం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి, అదీ ఆ గేమ్ సపోర్ట్ చేస్తేనే. ఆటో హెచ్‌డీఆర్‌కి హెచ్‌డీఆర్ మానిటర్ కావాలి. ఇక్కడ రెండూ లేవు. ఇంకోటి, జీటీఎక్స్ 10 సిరీస్ కార్డులకి ఎన్విడియా గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే. విండోస్ ఏదైనా ఈ కార్డుకి కొత్త గేమ్స్ కోసం ట్యూనింగ్ రాదు.

తేడా తెచ్చింది వేరే. సాటా ఎస్‌ఎస్‌డీ కొని దాని మీద 11 ఫ్రెష్‌గా ఎక్కించాం. మ్యాచ్ మధ్యలో ఆగి ఆగి కదిలే జర్క్‌లు చాలావరకు పోయాయి. అవి హార్డ్ డిస్క్ చేసే పనే. రెండోది ర్యామ్. వాలొరెంట్ ఎక్కువగా ప్రాసెసర్, ర్యామ్ మీద ఆధారపడే గేమ్. ఇంకో 8 జీబీ స్టిక్ పెడితే డ్యూయల్ ఛానల్ అవుతుంది. ఇదే డబ్బుని నేనైతే అందరికంటే ముందు దీనికే పెట్టమంటాను.

ఫ్రెష్‌గా ఎక్కించినవాళ్లు మూడు చూసుకోండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60కి పడిపోయిందేమో చూడండి. గేమింగ్‌లో క్యాప్చర్స్ కింద బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆఫ్ చేయండి. మూడోది విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ. ఇది కొన్ని పీసీల్లో గేమ్ స్పీడ్ తగ్గిస్తుంది, ఆడేటప్పుడు ఆపుకోవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. కానీ అదే పీసీలో బ్యాంకు పనులు చేసే ఇల్లయితే ఆన్‌లోనే ఉంచండి. నాలుగు ఫ్రేముల కోసం రిస్క్ వద్దు. ఇక్కడ మేం ఆన్‌లోనే వదిలేశాం.

నెల్లూరు ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోండి. రోహిణి కార్తెలో గది వేడికి, ఫ్యాన్లో పేరుకున్న దుమ్ముకి కార్డు తనంతట తానే క్లాక్ తగ్గించుకుంటుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో టెంపరేచర్, క్లాక్ పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు ఆడితే తెలిసిపోతుంది. దుమ్ము దులపడానికి ఖర్చేం లేదు.

7వ జనరేషన్, అంతకంటే పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు కంగారుపడి పీసీ అమ్ముకోవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు అదనపు ఖర్చు లేకుండా వస్తాయి. ఆ తర్వాత లైనక్స్ ఉంది. స్టీమ్ గేమ్స్ చాలావరకు ప్రోటాన్‌తో నడుస్తాయి, వాలొరెంట్ మాత్రం నడవదు.